పదకొండు మంది ఊపిరి

"అది మా అక్క ఊపిరి కాదు మ్యాడమ్, నాదే." చేటలో కందులు చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా, ఎంత తేలిగ్గా అనేసింది మహాదేవి. ఆ మాట చెవిలో పెట్టుకునే ఎమ్మిగనూరు బస్టాండుకు వచ్చాను, ఆదోని బస్సెక్కాను, కిటికీ పక్కన కూర్చున్నాను, టికెట్ తీసుకున్నానో లేదో గుర్తులేదు, తీసుకునే ఉంటాను, గుప్పిట్లో నలిగిన కాగితమేదో ఉంది. గంట ప్రయాణం. నాలుగున్నరకు ఆదోనిలో, ఈ పరిశోధన నడిపిస్తున్న డాక్టర్ శ్రీపాదరావు గారి పక్కన నిలబడి, పత్తి మిల్లుల వాళ్ల ముందు నేనొక అంకె చెప్పాలి. ఆ అంకె గీత లోపల ఉంటే వచ్చే సీజన్ నుంచి మిల్లుల్లో దుమ్ము మింగే ఆడవాళ్లందరికీ మాస్కులు వస్తాయి, గీత దాటితే రావు. ఆడవాళ్లందరూ అంటే మా అమ్మ సారమ్మ కూడా. పద్దెనిమిదేళ్లుగా ఆమెకు అదే పని, కొంగు ముక్కుకు చుట్టుకుని పత్తిలో చెత్త ఏరడం, ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి దగ్గడం. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివింది ఆ దగ్గు వింటూనే. పొద్దున ఇదే దారిలో వచ్చేటప్పుడు అంకె గీత లోపలే ఉంది, లోలోపల పాట కూడా పాడుకున్నాను, నా పాట నాకే బాగుంది. ఇప్పుడు ఆ అంకె ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆదోని వచ్చేలోపల.

మేము చేసింది చిన్న పని. మిల్లు వాళ్లు ఎక్కువ మందికి ఒప్పుకోలేదు, పన్నెండు మందినే ఇచ్చారు. ఒక నెల వాళ్ల అలవాటు ప్రకారం కొంగో తువ్వాలో కట్టుకుని పనిచేయాలి, ఇంకో నెల ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ నాలుగు మడతలేసి కుట్టిన మాస్కు కట్టుకోవాలి. ఎవరికి ఏది ముందో చీటీలు తీసి పంచాము. నెలాఖరున మూడు సాయంత్రాలు, పని దిగగానే, జానెడు ప్లాస్టిక్ గొట్టంలోకి గట్టిగా ఊదాలి. గొట్టం మీద ఎర్ర ముల్లు జరుగుతుంది, ఎక్కడ ఆగితే అదే అంకె. మూడు సాయంత్రాల సగటు కార్డులో రాయాలి. మొదటి రోజు ఈరమ్మ ఊదితే ముల్లు నూటతొంభై దగ్గర ఆగిపోయింది. ఆమె గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇంతేనా నాది?" అంది. నాకు ఒళ్లు జలదరించింది. ఏ ఊపిరితో పిల్లలకు జోలపాట పాడిందో, ఏ ఊపిరితో మొగుడి మీద కేకలేసిందో, ఏ ఊపిరితో ఇన్నేళ్లు పొయ్యి ఊదిందో, ఆ ఊపిరి రెండు గీతల మధ్య నిలబడి ఉంది, నేను దాన్ని నీలం ఇంకుతో రాసుకుంటున్నాను. ఇంత పెద్ద సంగతి రాసుకోమని ఈ పెన్ను నాకెవరిచ్చారు అనిపించింది. ఆ తర్వాత పదకొండు మంది ఊదారు, పదకొండు సార్లూ అలాగే అనిపించింది.

కోటేకల్ దగ్గర బస్సు ఆగింది. ముందు వెళ్తున్న ట్రాక్టర్ నిండా ఆఖరి తీత పత్తి, కట్టిన వల దాటి పొంగి, గాలికి తునకలు తునకలుగా ఎగిరి దారి పక్క తుమ్మచెట్లకు అంటుకుంటోంది. చూసేవాళ్లకు అందంగానే ఉంటుంది. పన్నెండో ఆమె భీమమ్మ. తువ్వాలు నెలలో రెండువందల పన్నెండు, మాస్కు నెలలో మూడువందల ముప్ఫై. నూటపద్దెనిమిది పెరిగింది. తక్కిన వాళ్లలో అందరికన్నా ఎక్కువ పెరిగినామెకే నలభై నాలుగు. నాకు సంతోషం పట్టలేదు, డాక్టర్ గారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని "మరీ ఎక్కువగా ఉందమ్మా, ఒకసారి వెళ్లి కనుక్కో" అన్నారు. సీజన్ ముగిసి, ఆదోనిలో అద్దెగది ఖాళీ చేసి, వాళ్లు ఎమ్మిగనూరు ఇంటికి వచ్చేశారు. వెతుక్కుంటూ వెళ్తే భీమమ్మ లేదు, ఆమె తోడికోడలు మహాదేవి ఉంది. ఆమెదీ అదే మిల్లు, మా పన్నెండు మందిలో మాత్రం లేదు.

"మా అక్క ఈడ యాడుంది మ్యాడమ్? సుగ్గికి పాయ కదా. మిరపకాయలు కోసేకి గుంటూరు దిక్కు పోయి నెలన్నరాయ."

నెలన్నర. భీమమ్మకు మాస్కు నెల రెండోది. నేను వేళ్లు మడుస్తూ లెక్కేసుకున్నాను, ఎమ్మెస్సీ చదివి వేళ్ల మీద లెక్క. మరి పోయిన నెలాఖరున భీమమ్మ కార్డులో ఊదింది ఎవరక్కా అంటే, అప్పుడు అన్నది ఆ మాట. తర్వాత తనే సముదాయిస్తున్నట్టు చెప్పింది. "మీ లిస్టులో పేరు కొట్టేస్తారని ఆయమ్మకు భయం. నువ్వు ఊది నా పేరు నిలబెట్టు అని సెప్పి పాయ. మొదటి నెల కొలిసింది నువ్వు, రెండో నెల నీకు బదులొచ్చి కొలిసిన సునీత పాపకు మా మొగాలు తెలీవు. భీమమ్మా అనె, ఊ అంటి. కూలికైనా అంతే కదా మ్యాడమ్, ఆయమ్మకు జరమొస్తే నేను పోతా, నాకొస్తే ఆయమ్మ పోతాది. మేస్త్రీ ఎప్పుడూ ఏమీ అనల్యా. ఒగటే ఇంటోళ్లం. కూలి సెల్లినప్పుడు ఊపిరెందుకు సెల్లదు?" ఎందుకు చెల్లదో ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. బయటికి మాత్రం "ఏం ఫర్వాలేదక్కా" అని వచ్చింది. ఆమె నా చేతిలో గుప్పెడు వేయించిన శనక్కాయలు పోసింది. ఒక మనిషి ఊళ్లో లేకపోతే ఆ మనిషి బదులు ఊపిరి కూడా పీల్చి వదిలే మనుషులను నేను తప్పుపట్టాలా? దండం పెట్టాలనిపించింది, దండం పెట్టి ఆ అంకె కొట్టేయాలి.

ఎందుకు చెల్లదంటే. డిగ్రీలో తులసీబాయి మేడమ్ ఈ పాఠం చెప్పేవారు. ఒక పరీక్షలో పది మందికి మందు వేయకముందూ వేసిన తర్వాతా కొలిచిన అంకెలిచ్చారు. నేను వాటిని రెండు వేర్వేరు గుంపులుగా వేసి, పేజీన్నర లెక్క చేసి, మందు వల్ల ఏ తేడా లేదని అడుగున గీత కూడా కొట్టాను. ఆమె నా పేపరు ఎత్తి చూపించి "పది మందిని ఇరవై మందిని చేసినావు కదే తల్లీ, తక్కిన పది మందీ ఎవరి పిల్లలు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆమె బోర్డు వైపు తిరిగి, అవే అంకెలను ఎవరిది వారికి ఎదురుగా పెట్టి, ఎవరి తర్వాతలోంచి వారి ముందును తీసేసి చూపించారు, అంతే, లేదన్న తేడా నిలువునా లేచి నిలబడింది. మామూలు తీసివేత, మూడో తరగతి తీసివేత. కానీ ఏం తీసేస్తోంది అది! మనుషుల మధ్య ఉండే ఎక్కువ తక్కువలన్నీ తీసేస్తోంది. మహాదేవి పొడగరి, ఈరమ్మ పీలమనిషి. ఒకరికి పదహారేళ్లప్పుడు ఆయాసం, ఒకరి ఇంట్లో ఇంకా కట్టెలపొయ్యి. ఒకరు తిన్నారు, ఒకరు తినలేదు. ఈరమ్మను మహాదేవితో పోలిస్తే ఇవన్నీ మధ్యలో దూరి గోల చేస్తాయి. ఈరమ్మను ఈరమ్మతోనే పోలిస్తే అవన్నీ రెండువైపులా సమానంగా ఉండి రద్దయిపోతాయి, మిగిలేది ఆ ఒక్క నెల గుడ్డముక్క చేసిన పని. పుట్టినప్పటినుంచీ నన్ను ఎవరో ఒకరితో పోల్చడమే విన్నాను, పక్కింటి పిల్లతో, పై కులం పిల్లతో, ఇంగ్లీషు మీడియం పిల్లతో. మనిషిని ఆ మనిషితోనే పోల్చాలని చెప్పే శాస్త్రం ఒకటుందని ఆరోజు తెలిసింది, తెలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి, పేపరు వల్ల అనుకుని మేడమ్ రెండు మార్కులు వేశారు. అలాంటి చోట భీమమ్మలోంచి మహాదేవిని తీసేస్తే ఏమొస్తుంది? ఇద్దరు మనుషుల మధ్య ఎక్కువ తక్కువ వస్తుంది. మాస్కు గురించి అది ఒక్క మాటా చెప్పదు.

ఏ పరీక్ష వాడాలో కొలతలు మొదలుపెట్టకముందే రాసి సంతకాలు పెట్టుకున్నాం, అది నియమం, ఎందుకంటే అంకెలు చూశాక మనిషికి ఏ పరీక్ష ముద్దొస్తుందో చెప్పలేం. దగ్గు ఉందా లేదా అని అవును కాదుల్లో అడిగి ఉంటే ఒక పరీక్ష. తేడాలు సగటుకు అటూ ఇటూ పద్ధతిగా పరుచుకుంటాయని నమ్మకముంటే సగటును నమ్ముకునే పరీక్ష. పన్నెండు మందితో ఆ నమ్మకం పెట్టుకోలేం, ఒక్క పెద్ద అంకె వచ్చి సగటును ఈడ్చుకుపోతుంది, అందుకని మేము వరుస పరీక్ష అని రాసుకున్నాం. పెరిగిందా తగ్గిందా అన్నది కాసేపు మరిచిపోయి తేడాలను చిన్న దాన్నుంచి పెద్ద దాకా వరుసలో నిలబెట్టాలి, ఒకటి నుంచి పన్నెండు దాకా. తర్వాత తగ్గినవాళ్ల స్థానాలు కూడాలి. తగ్గింది ఇద్దరికే. మహేశ్వరిది ఐదో స్థానం, ఈరమ్మది ఎనిమిది. కూడితే పదమూడు. ఇప్పుడు మాస్కు ఏమీ చేయలేదనుకుందాం. ఏమీ చేయకపోతే ఒక్కొక్కరికి పెరగడమూ తగ్గడమూ బొమ్మా బొరుసే. పన్నెండు మందికి అలా ఎన్ని రకాలుగా జరగొచ్చు? నాలుగువేల తొంభై ఆరు. ఈ లెక్క చేసిన ప్రతిసారీ నా చేయి ఆగిపోతుంది. ప్రతి రకమూ ఒక లోకం. ఒక లోకంలో పన్నెండు మందీ హాయిగా ఊపిరి పీలుస్తున్నారు, ఒక లోకంలో పన్నెండు మందికీ గుండె పట్టేసింది, ఒక లోకంలో ఈరమ్మ ఒక్కతే బాగుపడి తక్కినవాళ్లను చూసి బాధపడుతోంది. ఆదోనిలో ఒక్క షెడ్డులో, ఒక్క సాయంత్రం, జరగగలిగినవన్నీ వరుసగా నిలబడి ఉంటాయి, జరిగింది వాటిలో ఒకటే. ఎవరో ఎప్పుడో, ఈ ఊరు పేరు కూడా వినని మనిషి, ఆ లోకాలన్నీ ఓపిగ్గా లెక్కపెట్టి పట్టిక రాసి పోయాడు. మాకు జరిగినంతగా ఏదో ఒకవైపుకు ఒరిగిన లోకాలు వందకు ఐదు మించకూడదు, అదే గీత. నాలుగువేల తొంభై ఆరులో రెండువందల నాలుగు దాకా ఉండొచ్చు. మాకు వచ్చింది నూటడెబ్బై నాలుగు. పొద్దున పాడుకున్నది ఆ పాటే.

ఇప్పుడు భీమమ్మను తీసేయాలి. ఫోనులో కార్డులన్నీ ఉన్నాయి, పన్నెండో వరుస మీద వేలు పెట్టాను. ఆమెది అన్నిటికన్నా పెద్ద తేడా కాబట్టి ఆమె పోతే తక్కినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు, మహేశ్వరి ఐదులోనే, ఈరమ్మ ఎనిమిదిలోనే, మొత్తం అదే పదమూడు. కానీ ఒక్క మనిషి వెళ్లిపోతే లోకాల్లో సగం వెళ్లిపోతాయి. రెండువేల నలభై ఎనిమిది. గీత నూటరెండు దగ్గరికి జరిగింది. మాకు నూటడెబ్బై. మళ్లీ లెక్కేశాను, బస్సు కుదుపుకు తప్పు నొక్కానేమోనని ఇంకోసారి వేశాను, నూటడెబ్బయ్యే. ఒక్క భీమమ్మ, ఎక్కడో గుంటూరు దిక్కు మిరప చేలో వంగి కాయలు కోస్తున్న భీమమ్మ, ఇక్కడ లేకపోవడం వల్ల రెండువేల నలభై ఎనిమిది లోకాలు ఆరిపోయాయి. నాకు భయమేసింది, ఆ భయంలోనే అబ్బురం కూడా ఉంది. ఒక కూలిమనిషికి ఇంత బరువుందని ఆమెకు ఎవరైనా చెప్పారా?

ఊదింది భీమమ్మ కాదని నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మహాదేవికి తెలుసు, నాకు తెలుసు. మహాదేవి ఎవరితోనూ అనదు, అన్నా వాళ్లకు అది తప్పే కాదు. ఆ ఆలోచన వచ్చిందని రాసుకోవడానికి సిగ్గుపడను, వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది, అది ఇంకా నున్నగా ఉంది. భీమమ్మను నిజాయితీగా తీసేయొచ్చు, పరీక్ష దగ్గర ఒక్క మాట మార్చొచ్చు. రెండువైపులా చూస్తామని రాసుకున్నాం, మాస్కు మేలు చేసిందా, కీడు చేసిందా అని. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే కీడేముంటుంది, మేలు వైపు మాత్రమే చూస్తామని మార్చేస్తే లోకాలు నూటడెబ్బై నుంచి ఎనభై అయిదుకు దిగుతాయి, గీత నూటరెండులోనే ఉంటుంది. లోపల! ఒక్క మాట. అంకెలన్నీ నిజమే, మనుషులంతా నిజమే, ఏదీ కల్పించనక్కరలేదు. ఎవరైనా అడిగితే మొదటినుంచీ మా ఉద్దేశం అదేనని చెప్పొచ్చు, ఎవరూ అడగరు కూడా. అమ్మ వచ్చే సీజన్ మొదటిరోజు కొత్త మాస్కు కట్టుకుని, అద్దంలో చూసుకుని "ఎట్లున్నానే" అని అడగడం కూడా కనపడింది. నా వేలు ఫోనులో రెండువైపులా అన్న ఆ మాట మీదే ఉంది.

ఆరేకల్ దాటాం. పక్క సీటు పెద్దావిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది, ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది, వెచ్చగా, కొంచెం పిల్లికూతతో. కీడేముంటుంది అనుకున్నాను కదా, మరి ఈరమ్మకు ఇరవై ఏడు ఎందుకు తగ్గింది? చెప్పింది ఆమె, చీటీలో ఆమెకు మాస్కు నెలే ముందొచ్చింది, ఊదిన రోజునే చెప్పింది, నేనే వినీ విననట్టు రాసుకున్నాను. "నాలుగు మడతల గుడ్డ పాపా, ఉక్కకు గొంతు పట్టుకున్నట్టుంటాది. దించి మెడకేసుకుని పని సేసినా. మామూలు తువ్వాలే మేలుండె." మహేశ్వరిదీ అంతే అయుంటుంది. మేలు వైపు మాత్రమే చూస్తానంటే ఈ ఇద్దరూ నిలబడిన వైపు అసలు లేదని చెప్పడం. వాళ్లు అక్కడ నిలబడి ఊదుతున్నారు, నేను అటు వీపు తిప్పుతున్నాను. రెండువైపులా అని ముందే రాసిపెట్టుకున్న ఆ చిన్న మాటలో ఇంత మర్యాద ఉందని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. అయినా మా అమ్మ ఏ వైపు మనిషో నాకేం తెలుసు? పద్దెనిమిదేళ్ల దుమ్ము తిన్న ఛాతీకి నాలుగు మడతలు ఎలా ఉంటాయో నేనెప్పుడు అడిగాను? వేలు తీసేశాను.

డాక్టర్ గారికి మెసేజ్ పెట్టాను. భీమమ్మ లేదు సార్, ఊదింది తోడికోడలు, ఆ జత తీసేయాలి, పదకొండు మందితో గీత దాటింది. రెండు నిమిషాలకు జవాబు వచ్చింది. "అయ్యో. ఒకవైపు పరీక్ష పెడితే?" ఆయనకూ తట్టింది, పాపం ఆయనా ఆశపడ్డారు. "వద్దు సార్, ఇద్దరికి తగ్గింది" అని రాశాను. తర్వాత "సరే. ఉన్నదున్నట్టే చెబుదాం. నువ్వే చెప్పు" అని వచ్చింది. ఆయన మీద గౌరవం కలిగింది. దూరంగా ఆదోని కొండలు, వాటి మీద కోట గోడలు కనపడుతున్నాయి. అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"ఏమాయ పాపా?"

"చాల్లేదు మా. ఒకరి జత చెల్లలేదు. పదకొండు మందితో మాస్కు పని చేస్తాదని గట్టిగా చెప్పేకి రాదు."

"పని సేయదనా?"

"అట్ల చెప్పేకి కూడా రాదు మా."

దగ్గింది. ఫోను దూరంగా పెట్టుకుని దగ్గుతుంది, నాకు వినపడదనుకుంటుంది. నేను ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను, ఆమెకు కోపమొచ్చింది. "అదేం లెక్కనే? మిల్లులో రెండొందల మందిమి పొద్దుమానం దుమ్ము తింటాంటిమి. మీరు పన్నెండు మందిని ఊదించి సాల్లేదంటారు. సాలకుంటే తప్పు ఎవురిది, మాదా? మమ్మల్ని ఒగరోజన్నా అడిగితిరా?" పెట్టేసింది. మా అమ్మ ఫోను ఎప్పుడూ అలాగే పెట్టేస్తుంది.

నమూనా చిన్నదైతే ఉన్న తేడా కూడా దొరకదని తులసీబాయి మేడమ్ రెండు వారాలు చెప్పిన పాఠం, బడి ముఖం చూడని మా అమ్మ ఒక్క కోపంలో చెప్పేసింది. ఆమెను అడగలేదు, నిజమే. లెక్క చేసేవాళ్ల సొంత మనుషులు పరిశోధనలో ఉండకూడదని నియమం, ఆ నియమం నాకు ఎంత హాయిగా ఉండిందో ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆమె ఊదితే ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసే ధైర్యం నాకు లేదు. ఈరమ్మ నూటతొంభై దగ్గర ఆగినప్పుడు అబ్బురపడిన దాన్ని, అమ్మది అంతకన్నా కింద ఆగితే ఏమవుతానో అని, ఆ గొట్టం ఒక్కసారైనా ఇంటికి పట్టుకుపోలేదు. ఈ లెక్క నేనే చేయాలని, ఈ తీసివేతల్లో, ఈ లోకాల్లో బతకాలని నాకెంత ఆశో దేవుడికి తెలుసు. పెద్దావిడ తల మెల్లగా భుజం మీంచి తప్పించి, లేచి నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని టైపు చేశాను.

"సార్, చాల్లేదని నేనే చెబుతాను. మిల్లు ఇచ్చిన పన్నెండు మందితో సరిపెట్టుకోవడం మన తప్పని కూడా అక్కడే చెబుతాను. వచ్చే సీజన్‌కు రెండువందల మందిని అడుగుదాం. మొదటి పేరు సారమ్మ అని రాసుకోండి. లెక్క చేయడానికి ఇంకొకరిని చూసుకోండి."

పంపించి, ఆదోని బస్టాండులో దిగాను.